నేను ఉతికిన చొక్కా

టీవీలో ఏ హత్య కేసు గురించి చెప్పినా చివరికి డీఎన్ఏ పరీక్ష దగ్గరికే వస్తారు. ఒక వెంట్రుక దొరికిందంటారు, కాఫీ కప్పు అంచున ఎంగిలి దొరికిందంటారు, వారం తిరక్కుండా ఒక మనిషిని పట్టుకొచ్చి ముఖానికి నల్లగుడ్డ కప్పి నిలబెడతారు. మా మనవరాలు నోరు తెరుచుకుని చూస్తుంది. నేను లేచి వంటింట్లోకి పోతాను. అమ్మమ్మకి నెత్తురంటే భయమని అది అందరికీ చెప్తుంది. నాకు నెత్తురంటే భయమేమీ లేదు. ఊరందరి నెత్తురూ చీమూ చెమటా ఉతికి పెరిగినదాన్ని. ఆ పరీక్ష పేరు వింటేనే నాకు ఊపిరాడదు. అది వచ్చి నా బదులు మాట్లాడుతుందని ఒకసారి నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ సంగతి ఇన్నాళ్లకు రాస్తున్నాను.

మాది రెంటచింతల దగ్గర ఒక పల్లె. రాష్ట్రంలో ఎండ ఎక్కడ మండిందంటే రేడియోలో రెంటచింతల పేరే వచ్చేది. ఊళ్లో అందరూ ఆ ఎండను తిట్టుకునేవాళ్లు, మేం తప్ప. మేం ఊరి చాకలివాళ్లం. పిండి ఆరేసిన పంచె వెనక్కి తిరిగి చూసేసరికి అట్టలా అయిపోయేది. అమ్మ నా ఏడో ఏటనే పోయింది. ఇంట్లో నాన్నా నేనూ, రెండు గాడిదలూ. ఊరివాళ్లు మాకు ఏడాదికోసారి కళ్లం దగ్గర కొలిచి ఇచ్చే గింజల్ని మేర అంటారు. మా తిండి అదే. అందులో సగం పైగా పెద్దాయన కళ్లం నుంచే వచ్చేది.

పెద్దాయన అంటే ఊళ్లో పెద్ద రైతు, ఒకప్పటి ప్రెసిడెంటు. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దబ్బాయికి పెళ్లయింది, వ్యవసాయమంతా అతనిదే. చిన్నబ్బాయి నరసరావుపేటలో కాలేజీకి పోయి, మానేసి, మోటారు సైకిలు మీద తిరుగుతుండేవాడు. రాజకీయం అతనికి తండ్రి నుంచి వచ్చింది. తండ్రికున్న తూకం మాత్రం రాలేదు.

నేను పదో తరగతి పాసై ఇంటిపట్టునే ఉన్నాను. గుడ్డలకు గుర్తులు పెట్టే పని నాది. నల్లజీడి గింజను సూదితో పొడిస్తే నల్లటి రసం ఊరుతుంది. దాన్ని చొక్కాకైతే కాలరు లోపల, పంచెకైతే అంచు మూల, చుక్కగానో గీతగానో పెట్టి సున్నం అద్దితే ఇక ఆ గుడ్డ పీలికలైనా గుర్తు పోదు. గుర్తు ఇంటికొకటి. మనిషికొకటి కాదు. ఏ ఇంటి మూట ఆ ఇంటికి చేరితే మా పని అయిపోయినట్టే, లోపల ఎవరిది ఎవరు కట్టుకుంటారో వాళ్ల తంటా. పెద్దాయన ఇంటి గుర్తు రెండు చుక్కలు, కింద ఒక గీత. ఆ ఇంట్లో ముసలమ్మ చీర మీదా అదే, పసిపిల్ల గౌను మీదా అదే.

అయితే ఉతికే చేతికి మనిషి కూడా తెలుస్తాడు. ఈ మాట అంటే చదువుకున్నవాళ్లు ముఖాలు చిట్లిస్తారు. చిట్లించుకోనీ. మూట విప్పగానే ఎవరికి జ్వరం వచ్చిందో, ఎవరు తాగుతున్నారో, ఏ ఆడపిల్ల పెద్దమనిషైందో వాళ్ల ఇంట్లోవాళ్ల కంటే ముందు మాకు తెలిసేది. అన్నదమ్ములిద్దరూ ఒకటే ఒడ్డూ పొడుగూ. ఒకే తానులో గుడ్డ తీసి ఒకే టైలరు దగ్గర కుట్టించేవాళ్లు. అయినా పెద్దబ్బాయి చొక్కా నాకు కళ్లు మూసుకున్నా తెలిసేది. పత్తికి మందు కొట్టే వాసన, చుట్ట వాసన. చిన్నబ్బాయి చెమట పుల్లగా ఉండేది, దాని మీద సెంటు నూనె. మెడకు పౌడరు రాసుకునేవాడేమో, కాలరు మడతలో తెల్లటి చార కట్టేది.

ఎనభైల చివర ఒక ఎండాకాలంలో అవతలి పార్టీ మనిషిని పట్టపగలు కాలవ కట్ట మీద నరికి చంపారు. పంచాయతీ ఎన్నికల నాటి కక్ష. చేసినవాళ్లు ముగ్గురో నలుగురో, ముఖాలకు తువ్వాళ్లు కట్టుకున్నారు. మర్నాడు కట్ట కింద పత్తికట్టె మోపుల్లో ఒక తెల్లచొక్కా దొరికింది. నెత్తురుతో తడిసి ఎండి రేకులా బిగుసుకుపోయి ఉంది. కుడి చేతి మణికట్టు దగ్గర చీలిక, దాని చుట్టూ లోపలి వైపు నుంచి అంటిన నెత్తురు. చంపడానికి పోయినవాడు తానూ కోసుకున్నాడు.

ఎస్సై ఆ చొక్కా పట్టుకుని నేరుగా మా గుమ్మంలోకి వచ్చాడు. ఊళ్లో పోలీసులు నన్ను అడిగి ఒక సంగతి తెలుసుకోవడం అదే మొదలు. కాలరు తిరగేసి, ఈ గుర్తు ఎవరిదని అడిగాడు. నాన్న నోరు విప్పేలోపే నేను చెప్పేశాను, పెద్దాయనగారి ఇంటిదని. పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినట్టు చెప్పాను. ఆ పొగరు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

గుర్తు చెబుతూ ఉండగానే వాసన తగిలింది. నెత్తురు వాసన కింద పుల్లటి చెమట, సెంటు నూనె. కాలరు మడతలో మురికి మీద పౌడరు చార. ఆ ఇంట్లో పెళ్లికని అన్నదమ్ములిద్దరికీ కుట్టించిన జత చొక్కాల్లో ఒకటి అది. రెండుసార్లే మా చేతికొచ్చింది. అది చిన్నబ్బాయిదని నాకు అప్పుడే తెలుసు. ఎస్సై ఇంకేమీ అడగలేదు. నేనూ ఇంకేమీ చెప్పలేదు.

పోలీసులు పోయేసరికి ఆ ఇంట్లో అన్నదమ్ముల్లో పెద్దబ్బాయి ఒక్కడే ఉన్నాడు. ముందురోజు పొద్దున జొన్నచొప్ప కోస్తూ పిడి ఊడిన కొడవలితో కుడి అరచెయ్యి తెగ్గోసుకుని గుడ్డ కట్టుకుని ఉన్నాడు. చిన్నబ్బాయి ముందురోజే కృష్ణ దాటి అవతల చుట్టాల ఊరికి పోయాడు. చేతికి గాయం, చొక్కా మీద ఇంటి గుర్తు. ఇంకేం కావాలి? పెద్దబ్బాయిని జీపు ఎక్కించారు. దూరం నుంచి చూశామన్న అవతలి పార్టీవాళ్లు ఇద్దరికి కూడా ఆ సాయంత్రం నుంచే తువ్వాలు కిందున్న ముఖం పెద్దబ్బాయిదేనని గట్టిగా గుర్తుకొచ్చింది.

రెండు రోజులకు పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. ఆయన మా ఇంటికి రావడం నేను పుట్టాక అదే మొదలు. నాన్న మంచం వాల్చి తన పైగుడ్డతో దులిపాడు. ఆయన కూర్చుని చాలాసేపు మా గాడిదల వంక చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, గుర్తు చెప్పావు, నిజమే చెప్పావు. నేను తప్పుపట్టను. రేపు కోర్టులోనూ అదే చెప్పు. గుర్తు దాకానే ఉండు, లోపలికి పోమాక."

ఆయన లెక్క నాన్నకు విడమరిచి చెప్పాడు. చిన్నవాడి పేరు బయటికొస్తే వాడికి శిక్ష ఖాయం. పెద్దవాడు చెయ్యలేదు గనక వాడికేం కాదు. ఇంటి గుర్తు చూసి ఎవరికీ శిక్ష వెయ్యరు, ఇద్దరిలో ఎవడో తేలకపోతే ఇద్దరూ బయటపడతారు. కాబట్టి తేలకూడదు. ఆయన బెదిరించలేదు, మేర మాట ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు. ఆయన పోయాక నాన్న వాకిట్లో గోడకు చేరగిలబడి, విన్నావుగా అన్నాడు. విన్నానన్నాను. ఆ రోజు నుంచి మా ఇంటి పైకప్పు ఒక జానెడు కిందికి దిగినట్టుండేది నాకు.

వారం తర్వాత పెద్ద కోడలు, అంటే పెద్దబ్బాయి భార్య, కాలవ రేవుకు వచ్చింది. ఆ ఇంటి ఆడవాళ్లు రేవుకు రారు. చంకలో పిల్లను పెట్టుకుని, చెప్పుల్లేకుండా ఎండలో నడిచి వచ్చింది. నేను నాపరాతి బండ మీద దుప్పటి బాదుతున్నాను. ఆమె పక్కన నిలబడి, నేను ఆపే దాకా ఆగింది.

"ఆ చొక్కా ఎవరిదో నీకు తెలుసు గదే," అంది. "నాకూ తెలుసు. ఆయన ఆ మధ్యాన్నం నా కళ్ల ముందే పడుకోని ఉన్నాడు. నేను చెప్తే పెళ్లాం మాటంటారు. నువ్వు చెప్తే వింటారు. చెప్తావా?"

నాన్నను అడిగి చెప్తానన్నాను. అది అబద్ధం, నాన్నను అడిగేదేముంది. ఆమెకూ తెలుసు. పిల్లను ఇంకో చంకకు మార్చుకుని వచ్చినదారినే పోయింది. నేను దుప్పటి మళ్లీ అందుకుని, అవసరం లేకపోయినా చాలాసేపు బాదాను.

ఇక అప్పటి నుంచి ఊళ్లో ఎటు పోయినా నాకు ఇరుకే. మూటల కోసం పెద్దాయన ఇంటికి పోతే ముందు వాకిట్లో ఆయన, వెనక దొడ్లో ఆమె. ఇద్దరూ నన్ను ఏమీ అడిగేవాళ్లు కాదు. మూడు నెలలకు చిన్నబ్బాయి తిరిగొచ్చాడు. అన్నీ ఫుల్‌హ్యాండ్ చొక్కాలే వేసుకుంటున్నాడు, ఆ ఎండల్లో. వాటినీ నేనే ఉతికాను. ఉతుకుతున్నంతసేపూ ముక్కుతో ఊపిరి తీసుకోకుండా ఉండాలని చూసేదాన్ని. ఊరు వదిలి పోదామంటే నాన్నకు ఊరు తప్ప ఏం తెలుసు? నేను నోరు తెరిస్తే నాన్న కూడు పోతుంది, తెరవకపోతే ఒక మనిషి బతుకు పోతుంది. నాకు పంతొమ్మిదేళ్లు. ఈ పని నాకెందుకు అంటగట్టారని అందరి మీదా కోపమే. ఎస్సై మీద, పెద్దాయన మీద, చెప్పుల్లేకుండా నడిచొచ్చిన ఆ అమ్మ మీద కూడా.

హైదరాబాదు లాబరేటరీ నుంచి చొక్కా రిపోర్టు వచ్చింది. నెత్తురు మనిషిదేననీ, బి గ్రూపు అనీ. చనిపోయినవాడిదీ బి, పెద్దబ్బాయిదీ బి. పెద్ద కోడలి తరఫు వకీలు నరసరావుపేటలో కొత్తగా కోటు వేసుకున్న కుర్రాడు, పేపర్లు బాగా చదివేవాడు. చిన్నబ్బాయి కాలేజీలో ఎప్పుడో రక్తదానం చేస్తే ఇచ్చిన కార్డు సంపాదించాడు. అతనిదీ బి. గుర్తు ఎట్లా ఇంటి దాకే వచ్చి ఆగిందో గ్రూపూ అట్లాగే ఆగింది. పెద్దాయన మనసులో నవ్వుకునే ఉంటాడు.

ఒకరోజు పెద్ద కోడలు మళ్లీ రేవుకు వచ్చింది. ఈసారి ఆమె ముఖంలో కొంచెం జీవముంది. నెత్తుట్లో గ్రూపు కాక ఇంకోటి ఉంటదంట, కవలలకు తప్ప ఒక తల్లికి పుట్టిన ఇద్దరికి కూడా ఒకటి కాదంట, వేలిముద్రలాగా మనిషికొకటంట. ఇంగ్లండులో దాంతో ఒక హంతకుణ్ని పట్టుకుని, తప్పుగా పట్టుకున్నవాణ్ని వదిలిపెట్టారంట. మన హైదరాబాదులో శాస్త్రవేత్తలు కూడా మొదలుపెట్టారంట. ఆ చీలిక దగ్గరి నెత్తురు ఎవరిదో తేల్చమని వకీలు కోర్టులో దరఖాస్తు పెట్టాడంట. మామగారికి తెలియకుండా. ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. డీఎన్ఏ అనే మూడక్షరాలు నేను మొదట విన్నది ఆ కాలవ గట్టునే, పిల్లను చంకనేసుకున్న ఒక రైతు భార్య నోటనే.

నేను కూలబడి ఏడ్చాను. ఆమె అనుకున్నట్టు ఆమె కష్టానికి కాదు. నా కోసం. ఇక నేను చెప్పక్కర్లేదు. నాకు ముక్కుతో తెలిసింది వాళ్లు మిషనుతో తేల్చి కాగితం మీద రాసి పంపుతారు. పెద్దాయన ఆ కాగితంతో పోట్లాడుకుంటాడు, నాతో కాదు. నాన్న మేర నాన్నకు ఉంటుంది. కొన్ని నెలల తర్వాత ఆ రాత్రే కడుపునిండా తిన్నాను.

జడ్జిగారు ఒప్పుకున్నారు. కోర్టులో సీలు వేసి దాచిన చొక్కాను హైదరాబాదుకు తీసుకుపోయే పని మా స్టేషను కానిస్టేబులు ఒకడికి అప్పగించారు. ఆ స్టేషను బట్టలు కూడా మేమే ఉతికేవాళ్లం. ప్రతి సోమవారం నాన్న గాడిద మీద పోయి మూట వేసుకొచ్చేవాడు, నేను రేవులో దింపుకునేదాన్ని.

మా పద్ధతి ఒకటుంది. ఊరివాళ్ల మూటలు విప్పి, ఇంటింటివీ వేరు చేసి, మరకలు చూసుకుని నానేస్తాం. పోలీసు మూట మాత్రం విప్పి చూడం. అన్నీ ఖాకీలే, అన్నీ ఒకటే మురికి. మూట మూటంతా బానలో గుమ్మరించి, చౌడు మట్టి కలిపి, కింద మంట పెట్టి ఉడకేస్తాం. మా తాత కాలం నుంచీ అంతే. ఆ సోమవారం కూడా అంతే చేశాను. ఉడికాక కర్రతో తీసి బండ మీద వేస్తున్నాను. ఖాకీల మధ్య తెల్లచొక్కా ఒకటి వచ్చింది. కానిస్టేబులు ఎవరిదో సొంత చొక్కా అనుకున్నాను. రెండు దెబ్బలు వేశాను కూడా. అప్పుడు చూశాను, కుడి చేతి దగ్గర కత్తెరతో కోసినట్టు రెండు చదరపు చిల్లులు. ఎలక కొట్టినవి కావు, స్కేలు పెట్టి కోసినట్టున్నాయి. లాబరేటరీవాళ్లు గ్రూపు చూడ్డానికి ముక్కలు కోస్తారని పెద్ద కోడలు చెప్పిన మాట గుర్తొచ్చింది. కాలరు తిరగేశాను. రెండు చుక్కలు, కింద ఒక గీత.

నీళ్లలోంచి పైకెత్తి వాసన చూశాను. చౌడు వాసన తప్ప ఏమీ లేదు. చెమట లేదు, నూనె లేదు, పౌడరు చార లేదు. నెత్తురున్న చోట లేత టీ రంగు మరక. నా చేతుల్తో నేనే పెద్దబ్బాయి మెడకు ఉరి బిగించినట్టు అనిపించింది.

కానిస్టేబులు జాబితాతో సరిచూసుకోవడానికి కవరు విప్పి, చొక్కాను పాత పేపర్లో చుట్టి బల్ల మీద పెట్టాడట. మూట కట్టినవాడు విడిచిన బట్టలనుకుని అందులో వేశాడట. ఇది తర్వాత తెలిసింది. ఎవరో కావాలనే వేయించారని ఊళ్లో అనుకున్నారు. నేను అట్లా అనుకోవడం లేదు. అనుకుంటే నాకు కొంచెం తేలికయ్యేదే.

నాన్న చొక్కా చూసి అక్కడే చతికిలబడ్డాడు. తర్వాత లేచి ఏం చేశాడో చెప్తే ఎవరూ నమ్మరు. దాన్ని శుభ్రంగా జాడించి, నీలిమందు పెట్టి, గంజిలో ముంచి, ఆరేసి, ఇస్త్రీ చేశాడు. ఎందుకు నాన్నా అంటే వెర్రిచూపు చూశాడు. భయమేసినప్పుడు ఆయన చేతులకు వచ్చిన పని అదొక్కటే. చిల్లులున్న ఆ చొక్కాను నాలుగు మడతలు పెట్టి, ఖాకీల పైన పెట్టి స్టేషనులో ఇచ్చి వచ్చాడు. కానిస్టేబులు దాన్ని చూసి తెల్లబోయి, నోరెత్తితే ఇద్దర్నీ లోపలేస్తానని చెప్పి, మళ్లీ కవర్లో పెట్టి, సీలు వేసి, ఏమీ జరగనట్టే హైదరాబాదు తీసుకుపోయాడు. అక్కడివాళ్లు నెలరోజులు చూసి తిప్పిపంపారు. ఈ వస్త్రాన్ని వేడి క్షారంలో ఉతికారు, పరీక్షకు పనికొచ్చేది ఏమీ మిగల్లేదు అని రాశారట.

విచారణ రోజు నాన్నా నేనూ పేట పోయాం. గుర్తు సాక్షిని నేనే. బోనులోకి ఎక్కాక ప్రాసిక్యూషను వకీలు కవరు చించి చొక్కా బయటికి తీశాడు. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన చొక్కా, పెళ్లికొడుక్కి పెట్టినట్టు మడత నలక్కుండా వచ్చింది. కోర్టులో కొందరు నవ్వారు. ముద్దాయి బోనులో నిలబడిన పెద్దబ్బాయి నవ్వలేదు. సబ్ జైల్లో సగమైపోయాడు. దాన్ని ఎవరిదో వస్తువులాగా చూస్తున్నాడు.

గుర్తు ఎవరిదని అడిగారు. పెద్దాయనగారి ఇంటిదన్నాను. నా పని అక్కడితో అయిపోయింది. గుర్తు దాకానే ఉన్నాను. పెద్దాయన ముందు బెంచీలో కూర్చుని కళ్లు మూసుకుని తలాడించాడు. అప్పుడు కుర్ర వకీలు లేచాడు. నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా, ఆ ఇంట్లో ఎవరి చొక్కానో చెప్పగలవా అని అడిగాడు.

తలుపు దగ్గర నాన్న నిలబడున్నాడు, తలపాగా చేతిలో పట్టుకుని. ఆయన తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు. ఇక మిషను లేదు. దాన్ని నేనే ఉడకేశాను. మిగిలింది నా ముక్కూ నా నోరూ.

"చిన్నబ్బాయిదండి," అన్నాను.

ఎట్లా చెప్తున్నావని జడ్జిగారే అడిగారు. చెమట వాసనతో అన్నాను. ఈసారి అందరూ నవ్వారు, టైపు కొట్టే ఆయనతో సహా. జడ్జిగారు నవ్వలేదు, కానీ చొక్కాను ఒకసారి తన ముఖం దగ్గరికి తీసుకుని దించారు. ఇందులో గంజి వాసన తప్ప ఏమీ లేదే అన్నారు. ఉతకక ముందు ఉండేదండి అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ నాకు తెలియలేదు ఎక్కడికి నడిచి వచ్చానో. ప్రాసిక్యూషను వకీలు ఆకలిగొన్నవాడిలా లేచాడు.

ఎవరు ఉతికారన్నాడు. నేనే అన్నాను. సాక్ష్యం అని తెలిసే ఉతికావా అంటే తెలియదన్నాను. గుర్తు పెట్టేదానివి, గుర్తు చూడకుండానే ఉతికావా అన్నాడు. పోలీసు మూట విప్పి చూడమండీ అన్నాను. మళ్లీ నవ్వు. తాను కవరు విప్పనే లేదని కానిస్టేబులు అప్పటికే సాక్ష్యం చెప్పి ఉన్నాడు. ముద్దాయి భార్య నీ దగ్గరికి రేవుకు వచ్చిందా? వచ్చింది. ఎన్నిసార్లు? రెండుసార్లు. ఈ చొక్కా గురించే మాట్లాడిందా? అవును. నేను చెప్పినవన్నీ నిజాలే. ఒక్కొక్క నిజం చెప్తుంటే ఒక్కొక్క తలుపు మూసుకుంటూ పోయింది. ఆయన జడ్జిగారి వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది నాకూ అర్థమైంది. మొగుణ్ని కాపాడుకోడానికి ఆమె చాకలిపిల్లతో నెత్తురు ఉతికించేసింది, ఇప్పుడు మరిది మీదికి తోయిస్తోంది. పరీక్ష అడిగింది మేమే గదా అని కుర్ర వకీలు లేస్తే, కోర్టు ఒప్పుకోదనుకుని అడిగారు, ఒప్పుకున్నాక ఉతికించారు అన్నాడాయన. అంతే కదా, ఎవరు చూసినా అట్లాగే కనపడుతుంది. చీలిక దగ్గరి నెత్తురు మొగుడిది కాకపోతే ఎందుకు ఉతికిస్తుంది?

పెద్దబ్బాయికి యావజ్జీవం వేశారు. ఇంటి గుర్తుకు శిక్ష పడదన్న పెద్దాయన లెక్కను నా ఉతుకు తప్పు చేసింది. తీర్పు చదివినప్పుడు ఆయన లేచి నిలబడబోయి మళ్లీ కూర్చున్నాడు. ఆ ఏడు మాకు మేర రాలేదు. ఆయన ఏమీ అనలేదు, ఊరే మాకు మూటలు వెయ్యడం మానేసింది. నాన్నా నేనూ మాచర్ల వచ్చి ఇస్త్రీ బండి పెట్టుకున్నాం. నేను ప్రైవేటుగా చదివి తర్వాత టీచరునయ్యాను. ఇవన్నీ బాగానే జరిగాయి.

తీర్పు రోజు సాయంత్రం బస్టాండులో పెద్ద కోడలు ఒక్కతే నిలబడుంది. మామగారి జీపు ఎక్కలేదు. నాన్న టీ తాగడానికి పోయాడు. నేను ఆమెకు దూరంగా నిలబడదామనుకున్నాను గానీ ఆమే పిలిచింది. దగ్గరికి పోయాను. తిడుతుందని, కొడుతుందని అనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె అడిగింది ఒకటే.

"ఎస్సై ఆ చొక్కా నీ ముందు పట్టుకున్ననాడే తెలుసా నీకు?"

తెలుసన్నాను.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

"ఆయన గుర్తే అడిగాడమ్మా. మనిషిని అడగలేదు."

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు, అర్థం కాని లెక్కను చూసినట్టు చూసింది.

"నేను అడిగాను గదా," అంది.

బస్సు వచ్చింది. ఆమె పిల్లను భుజాన వేసుకుని ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. నాన్న టీ తాగి వచ్చి ఎక్కమన్నాడు, ఊరికి అదే చివరి బస్సు. నేను ఎక్కలేదు.